జాబితాల నుంచి పట్టిక: కంప్యూటర్ చెప్పని తప్పులే ప్రమాదకరం

వాతావరణ నమోదులు, ఆసుపత్రుల లెక్కలు, పరీక్షల మార్కులు... ఏ సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించాలన్నా ముందుగా దానిని పట్టికగా అమర్చుకోవాలి. పైథాన్ భాషలో ఈ పనికి విస్తృతంగా వాడుకలో ఉన్న ఉపకరణం పాండాస్. అమెరికాకు చెందిన వెస్ మెకిన్నీ 2008లో దీని రూపకల్పన ప్రారంభించారు. మన దేశంలో సీబీఎస్ఈ పన్నెండో తరగతి ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్ విద్యార్థులకు ఇది పాఠ్యాంశం కూడా.

జాబితాలను పట్టికగా, అంటే డేటాఫ్రేమ్‌గా మార్చడం ఇందులో తొలి మెట్టు. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేదీ అక్కడే. కొన్ని తప్పులను కంప్యూటర్ వెంటనే ఎర్రర్ రూపంలో తెలియజేస్తుంది. కొన్నింటి విషయంలో మౌనంగా ఉండిపోతుంది. నష్టం కలిగించేవి ఈ రెండో రకం తప్పులే.

పొడవులు కుదరనప్పుడు

విజయవాడ, వరంగల్, కర్నూలు, నిజామాబాద్ పేర్లతో ఒక జాబితా, వాటి ఉష్ణోగ్రతలతో మరొక జాబితా ఉన్నాయనుకుందాం. వరంగల్ నమోదు అందలేదు. దాని స్థానాన్ని ఖాళీగా ఉంచకుండా 38, 40, 39 అని మూడు అంకెలే రాస్తే, పేర్లు నాలుగు, విలువలు మూడు అవుతాయి.

ఈ రెండు జాబితాలను శీర్షికలతో కూడిన డిక్షనరీగా పాండాస్‌కు అందిస్తే, పొడవులు సమానంగా లేవంటూ ఎర్రర్ వస్తుంది. అది మేలు చేసే హెచ్చరిక. జిప్ అనే ఫంక్షన్‌తో జత చేస్తే మాత్రం ఏ హెచ్చరికా రాదు. కర్నూలు ఉష్ణోగ్రత వరంగల్‌కు, నిజామాబాద్‌ది కర్నూలుకు చేరుతాయి. నిజామాబాద్ పేరు పట్టిక నుంచే మాయమవుతుంది. చిన్న జాబితా ముగిసిన చోటే ఆగిపోవడం జిప్ స్వభావం. 2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి జిప్‌కు స్ట్రిక్ట్ అనే నిబంధన జోడించే వీలుంది. దానిని ట్రూగా పెడితే పొడవులు తేడా వచ్చినప్పుడు ఎర్రర్ వస్తుంది.

అయితే ఎర్రర్‌ను తప్పించుకోవడానికి జాబితా చివర ఏదో ఒక విలువ చేర్చడం పరిష్కారం కాదు. ఏ స్థానంలో విలువ లోపించిందో గుర్తించి, సరిగ్గా అక్కడే ఖాళీ గుర్తు, అంటే నన్ ఉంచాలి.

అడ్డమా, నిలువా

రెండు జాబితాలను మరో జాబితాలో ఉంచి పాండాస్‌కు ఇస్తే, లోపలి ఒక్కో జాబితానూ అది ఒక అడ్డు వరుసగా భావిస్తుంది. నాలుగు పట్టణాల పేర్లు ఒక వరుసలో, ఉష్ణోగ్రతలు మరొక వరుసలో పరచుకుంటాయి. పట్టణం, ఉష్ణోగ్రత అని రెండే శీర్షికలు ఇస్తే నాలుగు నిలువు వరుసలకు అవి చాలవని ఎర్రర్ వస్తుంది. కానీ పట్టణాలు కూడా రెండే అయితే లెక్క యాదృచ్ఛికంగా సరిపోయి, తప్పు పట్టిక ఎర్రర్ లేకుండానే తయారవుతుంది. శీర్షికను, దాని జాబితాను జతగా చూపే డిక్షనరీ పద్ధతిని అనుసరిస్తే ఈ గందరగోళానికి తావుండదు.

అంకెలా, అక్షరాలా

ఫైళ్ల నుంచి చదివిన అంకెలు తరచూ కొటేషన్ గుర్తుల మధ్య అక్షరాలుగా వస్తాయి. తెరపై రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని కూడితే 38, 40 కలిసి 78 కావడానికి బదులు 3840 అవుతుంది. కూడికకు ముందే వాటిని సంఖ్యలుగా మార్చుకోవాలి. సున్నాతో మొదలయ్యే హాల్‌టికెట్ నంబర్ల వంటివాటిని మాత్రం అక్షరాలుగానే ఉంచాలి. సంఖ్యగా మారిస్తే 007 కాస్తా 7గా మిగులుతుంది.

ఖాళీ వేరు, సున్నా వేరు

అందని విలువకు సున్నా రాయడం మరో సాధారణ పొరపాటు. పై ఉదాహరణలో వరంగల్ స్థానాన్ని ఖాళీగా ఉంచితే, పాండాస్ దానిని వదిలి మిగిలిన మూడింటి సగటు 39 అని చెబుతుంది. సున్నా ఉంచితే సగటు 29.25కు పడిపోతుంది. వేసవి తీవ్రత కాగితంపై పది డిగ్రీలకు దాదాపు సమానంగా తగ్గిపోయినట్లే.

ఒక్కొక్క వరుస చేర్చేటప్పుడు

లూప్ నడుస్తున్నప్పుడు పట్టికకు వరుసలను ఒకదాని తరువాత ఒకటి చేర్చే అపెండ్ పద్ధతిని 2023లో విడుదలైన పాండాస్ 2.0 నుంచి తొలగించారు. పాత పుస్తకాలు చూసి రాసిన కోడ్ అందుకే ఆగిపోతుంది. వరుసలన్నిటినీ మొదట సాధారణ జాబితాలో సేకరించి, చివర ఒకేసారి పట్టికగా మార్చడం సరైన విధానం. అయితే లూప్ బయట సృష్టించిన ఒకే డిక్షనరీని మార్చుతూ మళ్లీ మళ్లీ చేర్చితే, చివరి వరుసే అన్ని చోట్లా పునరావృతమవుతుంది. ప్రతి వరుసకూ లూప్ లోపల కొత్త డిక్షనరీ సృష్టించుకోవాలి.

అనుభవజ్ఞులకూ తప్పని జాగ్రత్త

మౌనంగా జరిగే నష్టం విద్యార్థులకే పరిమితం కాదు. 2020లో ఇంగ్లండ్‌లో పాతకాలపు స్ప్రెడ్‌షీట్ ఫైలు 65,536 వరుసలకు మించి స్వీకరించలేకపోవడంతో, సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 వరకు 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లో చేరలేదు. ఆ బాధితులతో సన్నిహితంగా మెలిగినవారిని గుర్తించే పని కూడా ఆలస్యమైంది.

అందువల్ల పట్టిక సిద్ధమైన వెంటనే నాలుగు అంశాలు సరిచూసుకోవాలి. వరుసల సంఖ్య మూల సమాచారంతో సరిపోయిందా? ప్రతి నిలువు వరుసలోనూ ఉండవలసిన రకం విలువలే ఉన్నాయా? ఖాళీలు ఎన్ని, ఎక్కడ? మొదట, మధ్య, చివర ఉన్న ఒక్కొక్క వరుస మూలంలోని వివరాలతో ఏకీభవిస్తోందా? ఈ తనిఖీకి పట్టేది కొద్ది నిమిషాలే. ఎర్రర్ రానంత మాత్రాన పట్టిక సరైనదని నిర్ధారణ కాదు. మూలంతో పోల్చి చూసిన తరువాతే దానిని నమ్మడం శ్రేయస్కరం.