చార్మినార్ గుమ్మంలో ఒక్క అక్షరం

1948 దాకా నిజామాబాద్ జిల్లాలోని ఇందల్వాయి నిజాం రాజ్యంలో ఉండేది. ఆ రాజ్యానికి సొంత డబ్బు ఉండేది, పేరు హాలి సిక్కా. అందులో బంగారు నాణెం అష్రఫీ, బరువు సుమారు 11 గ్రాములు.

పాత అష్రఫీలను సుత్తితో కొట్టేవారు. బిళ్ల కన్నా అచ్చు పెద్దది కావడంతో కొన్ని అక్షరాలు అంచు దాటిపోయేవి. అందుకే ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. 1903లో హైదరాబాద్ సైఫాబాద్‌లో యంత్రాల టంకశాల వచ్చాక గుండ్రటి, చార్మినార్ బొమ్మ నాణేలు వచ్చాయి.

అన్నీ ఒకేలా వస్తుంటే సేకర్తలకు భూతద్దం ఎందుకు? చార్మినార్ గుమ్మంలోకి తొంగిచూడటానికి! అక్కడ ‘మీమ్’ అనే ఉర్దూ అక్షరం ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణెం. ‘ఐన్’ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఆ ఐన్ కూడా మొదట పొట్టిగా, తర్వాత పూర్తిగా చెక్కారు. ఒక్క గీత తేడా, రెండు రకాలు!

నాణెం మీద 1340 అని ఉంటే ఏడు వందల ఏళ్లనాటిదని సంబరపడకండి. అది హిజ్రీ లెక్క, మనకు 1921-22.

దొరికిన నాణేన్ని తళతళలాడేలా తోమకూడదు. గీతలు పడితే సేకర్తలు పెదవి విరుస్తారు. కాసులపేరు కోసం కొక్కెం అతికించిన నాణేనికీ అదే గతి. పొలంలో పాతనిధి బయటపడితే మాత్రం, 1878 నాటి చట్టం ప్రకారం, కలెక్టరుకు తెలపాలి.