పక్కపక్క దేశాలవాళ్ళే, కానీ అమెరికాలో వాళ్ళ దారులు వేరు

మా పక్కింటి పెద్దావిడది పోర్చుగల్. పదహారేళ్ళ వయసులో, 1970లో, తల్లిదండ్రులతో న్యూజెర్సీలోని న్యూవార్క్‌కి వచ్చారట. వచ్చిన నెలలోనే బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేరారు. ఆయన కన్‌స్ట్రక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఇంటి అప్పు ఎప్పుడో తీరిపోయింది. పెరట్లో ద్రాక్ష పందిరి, దాని కింద వరసగా కాలే మొక్కలు. నేను గోంగూర ఇస్తే ఆవిడ కాలే ఇస్తారు, అలా కలిసింది మాకు.

మొన్న వేసవిలో ఆవిడ కంచె దగ్గర నిలబడి, మనవడు హైస్కూలు పూర్తిచేసి ప్లంబింగ్‌లో అప్రెంటిస్‌గా చేరుతున్నాడని చాలా సంతోషంగా చెప్పారు. నేనూ కంగ్రాట్స్ చెప్పి లోపలికి వచ్చాను. మా పన్నెండేళ్ళ వాడు వెనకాలే వచ్చి, "వాళ్ళకి చదువు పెద్దగా పట్టదు కదమ్మా" అన్నాడు. "ఎవరు చెప్పార్రా నీకు?" అన్నాను కోపంగా. "నువ్వే, ఫోన్లో పెద్దమ్మతో అన్నావు" అన్నాడు.

నిజమే, అన్నాను. మన పాట్‌లక్కుల్లో మనందరం ఏదో ఒకసారి అనే మాటే అది. మనవాళ్ళు కష్టపడతారు, చదువుకుంటారు, అందుకే ఇక్కడ మనం ఇలా ఉన్నాం అని. వాడి నోట్లోంచి విన్నాక మాత్రం తల కొట్టేసినట్టయింది. నేను బీఎస్సీ బయోకెమిస్ట్రీ చదువుకున్నదాన్ని. ఒక విషయం నిజమో కాదో తేల్చాలంటే పోల్చిచూడాలి కదా. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదవటం మొదలుపెట్టాను. పోల్చటానికి పోర్చుగల్‌ పక్కనే ఉన్న స్పెయిన్‌ని తీసుకున్నాను.

ఇక్కడ ఒక మాట. మనం ఇక్కడ "స్పానిష్ వాళ్ళు" అంటే స్పానిష్ మాట్లాడే మెక్సికో, ఈక్వెడార్, డొమినికన్ వాళ్ళందరినీ కలిపి అనేస్తాం. నేను చెప్పేది వాళ్ళ గురించి కాదు. యూరప్‌లోని స్పెయిన్ నుంచి వచ్చినవాళ్ళ గురించి.

ఈ రెండు దేశాలనే ఎందుకు పోల్చానంటే, అవి ఒకే ద్వీపకల్పంలో పక్కపక్కన ఉన్నాయి. మతం ఒకటే, భాషలు అక్కచెల్లెళ్ళలాంటివి. 20వ శతాబ్దంలో పోర్చుగల్ సలజార్ నియంతృత్వంలో, స్పెయిన్ ఫ్రాంకో నియంతృత్వంలో దశాబ్దాలపాటు మగ్గాయి. యూరోపియన్ కమ్యూనిటీలో రెండూ 1986లో కలిసే చేరాయి. ఇన్ని పోలికలున్నా అమెరికాలో వాళ్ళ పిల్లలు, మనవలు ఒకేలా స్థిరపడలేదు. తేడా ఎక్కడ వచ్చిందన్నదే నా ప్రశ్న.

ఎవరు వచ్చారు, ఏ పనికి వచ్చారు

పోర్చుగీసువాళ్ళు ముందు వచ్చింది ఓడల మీద. అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర ఆగిన అమెరికన్ తిమింగలాల వేట ఓడలు అక్కడి కుర్రాళ్ళని పనికి ఎక్కించుకునేవి. అలా మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో వాళ్ళ కాలనీ మొదలైంది. తర్వాత న్యూ బెడ్‌ఫర్డ్, ఫాల్ రివర్ ఊళ్ళలో బట్టల మిల్లులు పెరిగాయి. అజోర్స్, మదీరా దీవుల నుంచి కుటుంబాలకి కుటుంబాలే వచ్చి ఆ మిల్లుల్లో చేరాయి. 1900 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసువాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి చదవటం, రాయటం రాదు. అమెరికాకి వచ్చే జాతులన్నింటిలో ఆ విషయంలో వాళ్ళే చివర ఉండేవాళ్ళు. దానికి కారణం వాళ్ళ బుర్ర కాదు, ఆ దీవుల్లో పేదవాడి పిల్లలకి బడి అందకపోవటం.

మిల్లు జీతం ఒకరిది చాలదు. తండ్రి, తల్లి, 14 ఏళ్ళు నిండిన పిల్లలు అందరూ పనికి వెళితేనే ఇల్లు గడిచేది. 1916లో లూయిస్ హైన్ అనే ఫోటోగ్రాఫర్ ఫాల్ రివర్ మిల్లు పిల్లల ఫోటోలు తీశాడు. ఆ మొహాలు చూస్తే మన ఊళ్ళో బడి మానేసి పత్తి చేలకి వెళ్ళిన పిల్లలు గుర్తొస్తారు. 1928లో న్యూ బెడ్‌ఫర్డ్ మిల్లులు జీతాలు 10 శాతం తగ్గిస్తామంటే కార్మికులు దాదాపు ఆరు నెలలు సమ్మె చేశారు. ఆ సమ్మెలో ముందున్నవాళ్ళలో పోర్చుగీసు కార్మికులు చాలామంది. ఆ రోజుల్లోనే మిల్లులు ఒక్కొక్కటిగా దక్షిణాది రాష్ట్రాలకి తరలిపోయాయి. ఊరు మిగిలింది, పని పోయింది.

స్పెయిన్ నుంచి వలస వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది అసలు అమెరికాకి రాలేదు. భాష తెలిసిన క్యూబా, అర్జెంటీనాలకి వెళ్ళారు. ఇటు వచ్చిన కొద్దిమందిలో చాలామంది ఏదో ఒక పనితనం చేతిలో పెట్టుకుని వచ్చారు. వాళ్ళలో చదువురాని వాళ్ళు పోర్చుగీసువాళ్ళతో పోలిస్తే చాలా తక్కువ. వెర్మాంట్‌లోని బార్రేలో రాయి చెక్కేవాళ్ళు, వెస్ట్ వర్జీనియాలో జింకు కరిగించేవాళ్ళు, ఐడహో, నెవాడాల్లో గొర్రెలు కాసే బాస్క్‌లు. అన్నింటికంటే పేరున్నది ఫ్లోరిడాలో టాంపా పక్కన ఉన్న ఈబోర్ సిటీ. విసెంటె మార్టినెజ్ ఈబోర్ అనే స్పెయిన్ వ్యాపారి 1885–86లో చుట్టల ఫ్యాక్టరీలు అక్కడికి తెచ్చాడు.

చుట్టలు చుట్టటం అంటే మనకి లంక పొగాకు గుర్తొస్తుంది. ఈబోర్ సిటీలో అది మంచి జీతమొచ్చే నైపుణ్యం. కార్మికులు బల్లల ముందు కూర్చుని చుట్టలు చుడుతుంటే, ఎత్తైన పీట మీద కూర్చుని ఒకాయన పొద్దున న్యూస్ పేపర్లు, మధ్యాహ్నం నవలలు పైకి చదివి వినిపించేవాడు. ఆయన జీతం కార్మికులే తలా కాస్త వేసుకుని ఇచ్చేవాళ్ళు. అక్షరం రాని కార్మికుడికి కూడా ప్రపంచంలో ఏం జరుగుతోందో తెలిసేది. అవన్నీ విని వీళ్ళు తిరగబడుతున్నారని 1931లో యజమానులు ఆ చదివేవాళ్ళని తీసేశారు.

ఇంకో గొప్ప విషయం వాళ్ళ సంఘాలు. సెంత్రో ఎస్పాన్యోల్ 1891లో, సెంత్రో అస్తూరియానో 1902లో పెట్టుకున్నారు. నెలనెలా కొద్దిపాటి చందా కడితే డాక్టరు, మందులు, సొంత ఆసుపత్రి, చనిపోతే అంత్యక్రియలు. ప్రభుత్వ ఇన్సూరెన్సులు పుట్టక ముందే కార్మికులు తమకి తాము చేసుకున్న ఏర్పాటు ఇది.

హవాయిలో ఇద్దరూ ఒకే చేలో

రెండు జాతులూ ఒకే పనికి వెళ్ళిన చోటు కూడా ఒకటుంది. హవాయి చెరకు తోటలు. 1878లో ప్రిసిల్లా అనే ఓడలో మదీరా నుంచి మొదటి పోర్చుగీసు కుటుంబాలు దిగాయి. మరుసటి ఏడు వచ్చినవాళ్ళ చేతుల్లోని చిన్న గిటారే తర్వాత ఉకులేలే అయింది. స్పెయిన్ నుంచి 1907లో హీలియోపోలిస్ అనే ఓడలో రెండు వేల మందికి పైగా వచ్చారు. 1913 లోపు మొత్తం సుమారు 8,000 మంది.

పోర్చుగీసువాళ్ళలో చాలామంది హవాయిలో ఉండిపోయారు, కొందరు తోటల్లో మేస్త్రీలయ్యారు. స్పెయిన్ వాళ్ళు కాంట్రాక్టు అవ్వగానే ఎక్కువ కూలి కోసం కాలిఫోర్నియాకి వెళ్ళిపోయారు. అక్కడ పండ్ల తోటల్లో, క్యానరీల్లో కలిసిపోయారు. ఒకే పని, ఒకే యజమానులు. వచ్చిన కాలంలో మాత్రం దాదాపు ముప్పై ఏళ్ళ తేడా. ఒకరికి అప్పటికే సొంతవాళ్ళ ఊరు ఏర్పడింది, ఇంకొకరికి ఏర్పడలేదు.

చట్టం తలుపు మూసింది, మళ్ళీ తెరిచింది

నాకు బాగా కళ్ళు తెరిపించిన భాగం ఇది. 1917లో అమెరికాకి వచ్చేవాళ్ళకి చదవటం వచ్చి ఉండాలన్నారు. 1924లో దేశానికి ఇంతమంది అని కోటా పెట్టారు. ఏడాదికి పోర్చుగల్‌కి 503, స్పెయిన్‌కి 131. రెండు సమాజాలకీ కొత్త రక్తం ఆగిపోయింది.

తర్వాత పోర్చుగీసువాళ్ళకి తలుపు మళ్ళీ తెరుచుకుంది. 1957లో అజోర్స్‌లోని ఫాయల్ దీవిలో అగ్నిపర్వతం పేలి ఇళ్ళు, పొలాలు బూడిదలో కూరుకుపోయాయి. న్యూ ఇంగ్లండ్ సెనేటర్లు పాస్టోర్, జాన్ ఎఫ్ కెనెడీ పట్టుబట్టడంతో 1958లో అజోర్స్ శరణార్థుల చట్టం వచ్చింది. 1,500 కుటుంబ పెద్దలకి వీసాలు దొరికాయి. 1965 చట్టం కోటాలు తీసేసి, ఇక్కడున్న వాళ్ళ అన్నదమ్ములని, తల్లిదండ్రులని రానిచ్చింది. పోర్చుగల్‌లో అప్పుడు ఆఫ్రికా కాలనీ యుద్ధాలు, పేదరికం. తర్వాతి పదిహేనేళ్ళలో లక్షమందికి పైగా వచ్చారు. మా పక్కింటి ఆవిడా అప్పుడు వచ్చినవారే.

స్పెయిన్ కూలీలు అప్పటికి జర్మనీ, ఫ్రాన్స్, స్విట్జర్లండ్‌లకి వెళ్ళటం మొదలుపెట్టారు. పిలిపించుకోవటానికి అమెరికాలో దగ్గరి బంధువులూ తక్కువ. ఇక్కడికి వచ్చినవాళ్ళలో చదువుకున్నవాళ్ళ పాలు పెరిగింది. అందుకే ఫెర్రీ స్ట్రీట్‌లో పోర్చుగీసు బేకరీలు ఇప్పటికీ ఉన్నాయి గానీ, న్యూయార్క్ 14వ వీధిలో ఒకప్పటి లిటిల్ స్పెయిన్ ఆనవాళ్ళు మాత్రం వెతుక్కోవాలి.

ఇప్పుడు ఎలా ఉన్నారు

పోర్చుగీసు మూలాలని చెప్పుకునేవాళ్ళు అమెరికాలో పది లక్షలకి పైగా ఉన్నారు. కాలేజీ డిగ్రీల్లో వాళ్ళు చాలాకాలం దేశ సగటు కంటే వెనకబడ్డారు. అదే సమయంలో ఇంటి ఆదాయంలో, సొంత ఇళ్ళలో వెనకబడలేదు. కారణం ఇంట్లో అందరూ సంపాదించటం, ముందు ఇల్లు కొనటం. న్యూ ఇంగ్లండ్‌లో మూడంతస్తుల చెక్క ఇళ్ళుంటాయి. ఒక అంతస్తులో తాము, పైన అన్న కుటుంబమో తల్లిదండ్రులో, ఇంకోటి అద్దెకి. ఆ అద్దెతో అప్పు కట్టేవాళ్ళు. దీనికి చెల్లించిన ధర పిల్లల చదువు. ముందు తరం పిల్లలు కాలేజీకి వెళ్ళాల్సిన వయసులో జీతం కవరు తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు. కాలిఫోర్నియా సాన్ వాకిన్ లోయలో మాత్రం అజోర్స్ వాళ్ళు పాలు పితికే కూలీలుగా చేరి, తర్వాత సొంత డెయిరీలు పెట్టుకుని ఎదిగారు.

స్పెయిన్ మూలాలవాళ్ళు చదువులో, ఆదాయంలో అమెరికాలోని హిస్పానిక్ సగటు కంటే బాగా పైన ఉన్నారు. కానీ 2010 సెన్సస్‌లో అలా రాసుకున్న సుమారు 6,35,000 మందిలో, న్యూ మెక్సికోలో వందల ఏళ్ళుగా ఉంటున్న కుటుంబాలు కూడా కలిసి ఉన్నాయి. కాబట్టి ఈ పోలిక కొంచెం జాగ్రత్తగా చెయ్యాలి. ఇంకో విచిత్రం, సెన్సస్‌లో స్పెయిన్ వాళ్ళు హిస్పానిక్ లెక్కలోకి వస్తారు, పోర్చుగీసువాళ్ళు రారు. ఫాల్ రివర్‌లో మూడు తరాలు మిల్లులో నలిగిన కుటుంబం, లెక్కల్లో మామూలు తెల్లవాళ్ళ కిందే పోతుంది. వెనకబాటు లెక్కలో కనిపించకపోతే దాన్ని సరిచేసే సాయమూ రాదు.

బయోకెమిస్ట్రీ చదివినదాన్ని కాబట్టి ఇద్దరు శాస్త్రవేత్తల గురించి చెప్పకుండా ఉండలేను. స్పెయిన్‌లోని అస్తూరియాస్‌లో పుట్టిన సెవెరో ఓచోవా, స్పెయిన్‌లోనే డాక్టరు చదివి, అంతర్యుద్ధం మొదలవగానే దేశం వదిలి, 1941లో అమెరికా చేరారు. ఆర్‌ఎన్‌ఏ తయారీ మీద చేసిన పనికి 1959లో నోబెల్ వచ్చింది. క్రెయిగ్ మెల్లో తాత, నానమ్మలు అజోర్స్ నుంచి వచ్చినవాళ్ళు. ఆయనకి 2006లో నోబెల్ వచ్చింది, అదీ ఆర్‌ఎన్‌ఏ మీదే. ఒకరు చదువు తోడు తెచ్చుకుని వచ్చారు. ఇంకొకరి ఇంట్లో అక్కడికి చేరటానికి మూడో తరం రావాల్సి వచ్చింది.

మరి మనం?

1965 చట్టంలో బంధువుల దారితో పాటు ఇంకో దారి కూడా ఉంది. చదువుకున్నవాళ్ళు, నైపుణ్యం ఉన్నవాళ్ళు వచ్చే దారి. మనదేశం నుంచి మొదట డాక్టర్లు, ఇంజనీర్లు అందులోంచే వచ్చారు. తర్వాత హెచ్-1బీ, దాని వెనక నాలాంటి హెచ్-4లు. అంటే ఊళ్ళో లక్షమంది పరీక్షలు రాస్తే నెగ్గిన కొద్దిమందిని ఏరి తెచ్చి, "చూడండి, వీళ్ళ జాతే తెలివైనది" అన్నట్టుంది మన లెక్క.

అనుమానముంటే మన తెలుగువాళ్ళనే పోల్చి చూడండి. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి ఓడలెక్కి మారిషస్, దక్షిణాఫ్రికా చెరకు తోటలకి, మలయా రబ్బరు ఎస్టేట్లకి వెళ్ళిందీ తెలుగువాళ్ళే. వాళ్ళు మనకంటే తక్కువ కష్టపడ్డారా? వాళ్ళ పిల్లలకి డిగ్రీ అందటానికి తరాలు పట్టింది. భాష అదే, ఇంటిపేర్లు అవే. వెళ్ళిన దారి వేరు. కష్టం లెక్కలోకి రాదని నేను అనను. కానీ కష్టానికి ఎంత ఫలితం దక్కుతుందో చాలావరకు మనం ఏ తలుపులోంచి, ఏ రోజుల్లో వచ్చామో తేలుస్తుంది.

ఇదంతా మా వాడికి రెండు మూడు రోజులు భోజనాల దగ్గర కొంచెం కొంచెంగా చెప్పాను. ముందు "నేను ఆ రోజు అన్నది తప్పురా" అని ఒప్పుకున్నాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే ఆవిడకి నా వయసులో చదువుకోవాలని ఉండేదా?" అని అడిగాడు. నాకేం తెలుసు, నువ్వే అడుగు అన్నాను. మర్నాడు కంచె దగ్గరికి వెళ్ళి అడిగేశాడు. ఆవిడ నవ్వి, లెక్కలంటే చాలా ఇష్టమని, నైట్ స్కూల్లో చేరి ఇంగ్లిషు నేర్చుకున్నానని, రెండో బాబు పుట్టాక మానేశానని చెప్పారట. అయిదేళ్ళుగా పక్కపక్కన ఉంటూ నేను ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది.

మీ వీధిలోనూ ఇలాంటి పెద్దవాళ్ళు ఉండే ఉంటారు. పిల్లల్ని తీసుకెళ్ళి, ఎప్పుడొచ్చారు, మొదట ఏం పని చేశారు అని అడిగించండి.