అమ్మమ్మ పాట పదిలం చేద్దాం

పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి వెళ్దామని అమెరికా వచ్చే మన పెద్దవాళ్లలో ఎంతోమందికి పాటలు నోటికి వచ్చు. సువ్వి పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు, బతుకమ్మ పాటలు. వీటిలో చాలా వరకు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. ఫోన్‌లో రికార్డు చేస్తే గది హోరులో గొంతు మసకబారుతుంది. మూడు వందల డాలర్ల లోపు సామానుతో ఇంట్లోనే చక్కగా రికార్డు చేసుకోవచ్చు.

కావలసినవి మైకు, దాని కేబుల్, చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్, ఆడియో ఇంటర్‌ఫేస్. మైకు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచి, అంకెలుగా మార్చి, యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టే ఈ ఇంటర్‌ఫేస్. ఒక్క గొంతుకు ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో వంటిది సరిపోతుంది. షూర్ ఎస్ఎం58 వంటి డైనమిక్ మైకు అయితే చుట్టుపక్కల చప్పుడు తక్కువగా పడుతుంది. కండెన్సర్ మైకు కొంటే మాత్రం ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల బటన్ నొక్కాలి. సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు లేదు, ఆడాసిటీ ఉచితం.

విండోస్ వాడేవారు ముందుగా ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే డ్రైవర్ వేసుకోవాలి. తర్వాత ఆడాసిటీ ఆడియో సెటప్‌లో రికార్డింగ్‌కూ ప్లేబ్యాక్‌కూ ఇంటర్‌ఫేస్‌నే ఎంచుకుని, ఛానల్ మోనో, రేటు 48,000 హెర్ట్జ్ పెట్టండి. ఇంటర్‌ఫేస్‌పై గెయిన్ పూర్తిగా తగ్గించి మాట్లాడి చూడండి. తెరమీద గీత అప్పుడూ ఎగురుతుంటే, ల్యాప్‌టాప్ సొంత మైకే పనిచేస్తోందని అర్థం.

ఇప్పుడు పాటలో గొంతు బాగా లేచే చోటు ఒకసారి పాడించండి. మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ తిప్పండి. సున్నాను తాకితే గొంతు పగులుతుంది, దాన్ని తర్వాత బాగుచేయడం కష్టం. కాస్త తక్కువగా పడితే పెంచుకోవచ్చు.

హెడ్‌ఫోన్స్‌లో తమ గొంతు ఆలస్యంగా వినిపిస్తే పెద్దవాళ్లు తాళం తప్పుతారు. గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయమే ఆ ఆలస్యం. ఇంటర్‌ఫేస్‌పై డైరెక్ట్ మానిటర్ వేసి, ఆడాసిటీలో సాఫ్ట్‌వేర్ ప్లేత్రూ ఆపేస్తే సమస్య తీరుతుంది.

రికార్డింగ్ సేపు హీటర్ లేదా ఏసీ ఆపండి. బట్టలు నిండిన క్లోజెట్‌ను మించిన గది లేదు. 24 బిట్ వేవ్ ఫైలుగా దాచుకుంటే గంటకు సుమారు 520 ఎంబీ అవుతుంది. రెండు చోట్ల కాపీ ఉంచండి.

పాటకు ముందు పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చారో, ఏ సందర్భంలో పాడతారో వారి నోటనే చెప్పించండి. రేపు మన పిల్లలు విన్నప్పుడు అది ఎవరి గొంతో, ఎక్కడిదో వేరే ఎవరినీ అడగనక్కర్లేదు. తిరుగు ప్రయాణానికి సూట్‌కేసులు సర్దే వారంలో ఎవరికీ తీరిక దొరకదు. జెట్‌లాగ్ తీరిన మొదటి వారాంతంలోనే మొదలుపెట్టండి.