మిక్సింగ్ గదిలో టీవీ

ఎడిటింగ్ బల్ల మీదికి టీవీ కొత్తగా రాలేదు. టేపుల కాలంలో ప్లేయర్‌కి ఒక తెర, రికార్డర్‌కి ఒక తెర ఉండేవి, రెండూ పిక్చర్ ట్యూబులే. కంప్యూటర్ వచ్చాక పని ఒక్క మానిటర్ మీదికి చేరింది. హెచ్‌డీఎంఐ కేబుల్ మళ్లీ టీవీని పక్కన తెచ్చి కూర్చోబెట్టింది.

సంగారెడ్డి జిల్లాకు వీడియో పనితో పాత చుట్టరికం ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 ఉపగ్రహం ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు 'సైట్' అనే టీవీ ప్రయోగ కార్యక్రమాలు అందించింది. ఊరంతా కలిసి చూసిన ఆ సెట్లు హైదరాబాద్ ఈసీఐఎల్ తయారుచేసినవి. ఆ ప్రయోగంలో పనిచేసిన దూరదర్శన్ నిర్మాత పి.వి. సతీశ్, మిత్రులతో కలిసి 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించారు. ఈ జిల్లాలోనే జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్ దాని కేంద్రం. అక్కడ చిన్న కమతాల దళిత మహిళలు కెమెరా పట్టారు, ఎడిటింగ్ నేర్చారు. వరంగల్ రైతులు బీటీ పత్తిపై ఎందుకు మండిపడుతున్నారో 2003లో సినిమా తీసి చూపించారు. వీడియో పని స్టూడియోల సొత్తు కాదని ఇంత గట్టిగా నిరూపించినవాళ్లు తక్కువ.

ఇప్పుడు పటాన్‌చెరులోనో రామచంద్రాపురంలోనో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే కుర్రాడు ఇంట్లోని 43 అంగుళాల టీవీని రెండో మానిటర్‌గా పెట్టుకుంటే మంచి పనే చేసినట్టు. అయితే ఏ తెరకు ఏ పని అప్పగించాలో తెలియాలి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి దాదాపు 92 చుక్కలుంటే, 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో 51 మాత్రమే. దగ్గర కూర్చుంటే అక్షరాలు గరుకుగా కనిపిస్తాయి. కాబట్టి టైమ్‌లైన్ మానిటర్ మీద, బొమ్మ టీవీ మీద ఉండాలి. 4కే టీవీ అయితే ఈ బాధ లేదు.

అసలు చిక్కు టీవీ స్వభావంలో ఉంది. అది చూసేవాళ్లను మెప్పించడానికి పుట్టింది, ఉన్నదున్నట్టు చూపడానికి కాదు. హల్దీ ఫంక్షన్ ఫుటేజీ తీసుకోండి. టీవీ 'వివిడ్' మోడ్‌లో ఉంటే పసుపు రాసిన బుగ్గలు నారింజ రంగుకు తిరుగుతాయి, చీర అంచు చుట్టూ తెల్లటి గీత లేస్తుంది. ఎక్కువైందనుకుని ఎడిటర్ రంగు తగ్గిస్తాడు. అదే వీడియో ఫోన్‌లో చూస్తే పెళ్లికూతురు పాలిపోయి కనిపిస్తుంది.

ఇంకొకటి ఓవర్‌స్కాన్. కరెంటు హెచ్చుతగ్గులకు, ట్యూబు వయసుకు బొమ్మ అంచులు కదిలేవి కనుక, పిక్చర్ ట్యూబుల రోజుల్లో బొమ్మను తెరకన్నా కాస్త పెద్దగా పరిచేవారు. ట్యూబు పోయినా ఆ అలవాటు చాలా ఎల్‌ఈడీ టీవీల్లో మిగిలింది. అందుకే అడుగున వేసిన పేర్లు సగం తెగిపోతాయి. మెనూలో 'స్క్రీన్ ఫిట్' లాంటి ఆప్షన్ ఉంటుంది, అది పెట్టాలి.

నలుపు సంగతీ చూడాలి. వీడియో సంకేతంలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. కంప్యూటర్ లెక్క 0 నుంచి 255. రెండు వైపులా ఒకే లెక్క పెట్టకపోతే నలుపు బూడిదవుతుంది, లేదా నీడల్లోని ముఖాలు మాయమవుతాయి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఆలస్యం. కదలికను నునుపు చేయడానికి టీవీ కొన్ని ఫ్రేములు ఆపుకుని లెక్కలు వేస్తుంది. శబ్దం కంప్యూటర్ స్పీకర్లలోంచి వస్తుంటే, బరాత్‌లో డప్పు దెబ్బ ముందు వినపడి, కర్ర తర్వాత తగులుతుంది. దాన్ని నమ్మి కట్ చేస్తే ప్రతి కట్టూ తప్పే. 'గేమ్ మోడ్' పెడితే ఈ ఆలస్యం బాగా తగ్గుతుంది. ఇన్‌పుట్ పేరును 'పీసీ'గా మారిస్తే చాలా టీవీల్లో రంగు అక్షరాల మసక కూడా పోతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా, పెన్‌డ్రైవ్ ఇచ్చేముందు ఒక్కసారి కుర్చీ వెనక్కి జరిపి, వీడియో మొత్తం టీవీలో చూడండి. పెళ్లివారు చూసేది ఆ దూరం నుంచే.