కుక్కర్ రబ్బరుని ఫ్రెంచ్‌లో ఏమంటారు?

ఫ్రాన్స్‌లో మాస్టర్స్ చదవడానికి మన కుర్రాడొకడు వెళ్లాడనుకోండి. సూట్‌కేసులో అమ్మ పెట్టిన మూడు లీటర్ల కుక్కర్ ఉంది. నెల తిరక్కుండానే దాని రబ్బరు సాగిపోయింది. విజిల్ రాదు, పప్పు ఉడకదు. సామాన్ల షాపుకి వెళ్లాడు. ఆ రబ్బరుని ఫ్రెంచ్‌లో ‘జ్వెఁ’ అంటారు. ఆ మాట వాడికి తెలీదు. మొదటి లెవెల్ క్లాసుల్లో హలో, థాంక్యూ, ‘మా అన్నయ్య డాక్టర్’ వరకే వస్తాయి. కుక్కర్ రబ్బరు దాకా ఎవరూ రారు.

అయినా పని అయిపోతుంది. ‘సెతఁ త్ర్యుక్ రోఁ, న్వార్, మూ’ అంటే చాలు. గుండ్రంగా, నల్లగా, మెత్తగా ఉండే వస్తువు అని అర్థం. చివర్లో ‘పుర్ లా కొకోత్ మిన్యుత్’ అని తగిలిస్తే ప్రెషర్ కుక్కర్ కోసం అని షాపతనికి తెలిసిపోతుంది. ఈ కొకోత్ మిన్యుత్ అనేది అసలు సెబ్ అనే కంపెనీ 1953లో తెచ్చిన కుక్కర్ పేరు. మనం ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టు, అక్కడ ఏ ప్రెషర్ కుక్కర్‌నైనా జనం అలాగే పిలిచేస్తారు.

ఫ్రెంచ్ మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఇదే. వస్తువుల పేర్లు వేలల్లో ఉంటాయి, ఎప్పటికీ అయిపోవు. ఆకారాన్నీ స్పర్శనీ చెప్పే మాటలు మాత్రం ఓ పదిహేను వస్తే చాలు, పేరు తెలియని ప్రతి వస్తువునీ వాటితో అడగొచ్చు. రోఁ అంటే గుండ్రం. కారే అంటే చతురస్రం. ప్లా అంటే చదును, లోఁ పొడవు, ప్వెఁత్యు మొనదేలినది, ఎపే మందం. చేతికి తగిలేవాటిలో లీస్ నున్నన, ర్యుగో గరుకు, ద్యుర్ గట్టి, మూ మెత్తన. పేరు తెలియనప్పుడు వాడే ‘త్ర్యుక్’ మన ‘అదేదో’ లాంటిది. ఫ్రెంచ్‌వాళ్లే రోజుకి పదిసార్లు వాడతారు కాబట్టి సిగ్గుపడక్కర్లేదు.

ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఫ్రెంచ్‌లో బల్ల ఆడది, పుస్తకం మగది. దాన్నిబట్టి విశేషణం కూడా మారుతుంది. మన తెలుగులో గుండ్రటి బల్లకీ గుండ్రటి అద్దానికీ ఒకటే ‘గుండ్రటి’ కాబట్టి ఈ గోల మనకి కొత్త. కానీ ‘సె’ అని మొదలుపెట్టి ‘అది గుండ్రంగా ఉంది’ అన్నప్పుడు ఎప్పుడూ మగ రూపమే వస్తుంది. త్ర్యుక్ కూడా మగదే. అంటే వస్తువు లింగం తెలియకపోయినా సె రోఁ, సె ప్లా, సె మూ అని ధైర్యంగా అనేయొచ్చు.

లింగం నేర్చుకునే రోజు వచ్చినప్పుడు మాత్రం ఆడ రూపంతో మొదలుపెట్టండి. పుస్తకాలన్నీ ఉల్టాగా నేర్పుతాయి. మగ రూపం రాసి, దానికి చివర ఒక అక్షరం చేర్చమంటాయి. చెవికి వినిపించేది వేరు. రోఁద్, ప్లాత్, దూస్, లోఁగ్, ఎపెస్ ఆడ రూపాలు. వీటి చివరి హల్లుని మింగేస్తే రోఁ, ప్లా, దూ, లోఁ, ఎపే వచ్చేస్తాయి. మగ రూపంలో ఏ హల్లు పోయిందో వినికిడిలో తెలీదు. క్వాలిటీ తగ్గించి వాట్సాప్‌లో పంపిన ఫొటోలాంటిది అది. ఒరిజినల్ నుంచి దాన్ని తయారుచేయొచ్చు, దాన్నుంచి ఒరిజినల్‌ని వెనక్కి లాగలేం. మోల్, మూ లాంటి మొండి జంటలు కొన్ని ఈ లెక్కకి లొంగవు. కారే, ద్యుర్, లీస్ లాంటివి ఆడైనా మగైనా ఒకేలా పలుకుతాయి.

ఉచ్చారణలో మనకి రెండు లాభాలున్నాయి. ఫ్రెంచ్ త, ద లు దంత్యాలు. ఇంగ్లిష్ అలవాటుతో ‘ప్లాట్’ అనకుండా నేరుగా మన ‘త’ పెట్టేయండి. రెండోది, ముక్కులోంచి వచ్చే అచ్చులు రాసుకోవడానికి మన దగ్గర అరసున్న ఉంది. మనం ఎప్పుడో వాడటం మానేసిన ఆ సగం సున్నకి ఫ్రెంచ్ నోట్‌బుక్‌లో మళ్లీ ఉద్యోగం దొరుకుతుంది.

అసలు చిక్కు ‘మెత్తన’ దగ్గర వస్తుంది. తెలుగులో ఇడ్లీ మెత్తగా ఉంటుంది, దిండు మెత్తగా ఉంటుంది, ఉడికిన మాంసం మెత్తగా ఉంటుంది, గాలి తగిలిన బిస్కెట్ కూడా మెత్తబడుతుంది. ఫ్రెంచ్‌వాడు ఈ నాలుగింటినీ ఒకే మాటతో సరిపెట్టడు. గాలి తగిలిన బిస్కెట్ ‘మూ’. తిండి విషయంలో అది పొగడ్త కాదు. ఫ్రెంచ్ స్నేహితుడికి ఇడ్లీ పెట్టి ‘సె మూ’ అని మురిసిపోతే, పాడైందేమో అనుకుంటాడు. ఇడ్లీకి సరిపోయేది ‘మ్వలో’. ఈ మాట ‘మ్వల్’ నుంచి వచ్చింది. మ్వల్ అంటే ఎముకలోని మూలగ. నల్లి బొక్క చప్పరించినవాళ్లకి ఆ మెత్తదనం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. కేకు, బ్రెడ్డు లోపలి భాగం, మంచి దిండు కూడా మ్వలోనే. బాగా ఉడికిన మాంసం ‘తాఁద్ర్’. నోట్లో కరిగిపోయేది ‘ఫోఁదాఁ’. మన పూతరేకుకి ఈ ఆఖరి మాటే ఇస్తాను.

మిగిలింది ‘దూ’. పట్టు, పిల్లి బొచ్చు, పసిపాప బుగ్గ దూ. నెమ్మదైన గొంతు దూ, చలికాలంలో ఉన్నట్టుండి వచ్చిన వెచ్చటి రోజు కూడా దూ. మన ‘మృదువు’కి దగ్గరిది. ఆడ రూపంలో ‘ఓ దూస్’ అంటే ఉప్పు లేని నీరు. గోదావరి జిల్లాలవాళ్లు మంచినీటి చేప అనేదాన్ని ఫ్రెంచ్‌వాళ్లు మెత్తటి నీటి చేప అంటారన్నమాట.

కరకరలోనూ రెండు రకాలున్నాయి. పైన పల్చటి పొర పెళపెళమంటే ‘క్రూస్తియాఁ’. బాగెత్ బ్రెడ్ పైపెచ్చు, మన గారె పైభాగం అలాంటివి. లోపలిదాకా గట్టిగా ఉండి కసుక్కున తెగితే ‘క్రొకాఁ’. క్యారెట్, కీరా, యాపిల్ ఈ కోవలోకి వస్తాయి. కాబట్టి గారె గురించి అడిగితే బయట క్రూస్తియాఁ, లోపల మ్వలో అని చెప్పండి. బెండకాయ జిగురుకి ‘గ్ల్యుయాఁ’ ఉంది. అన్నట్టు బాగెత్ అంటే కర్ర. మంత్రదండమూ బాగెతే, చైనావాళ్లు తినే పుల్లలూ బాగెత్‌లే. క్ర్వాసాఁ అంటే ‘పెరుగుతున్నది’, అంటే శుక్లపక్షపు నెలవంక.

వీధిలోకి వెళ్తే ఈ ఆకారాల మాటలు డబ్బు వ్యవహారాల్లోకి కూడా వచ్చేస్తాయి. అద్దె ప్రకటనల్లో ‘మెత్ర్ కారే’ కనిపిస్తుంది. అంటే చదరపు మీటరు. అద్దెకిచ్చే ఇంట్లో ప్రధాన గది కనీసం 9 చదరపు మీటర్లు, 2.20 మీటర్ల ఎత్తు ఉండాలని, లేదంటే 20 ఘనపు మీటర్లయినా ఉండాలని అక్కడి నిబంధన. 9 మెత్ర్ కారే అంటే మన లెక్కలో 11 గజాలు కూడా కాదు. అడ్వాన్స్ కట్టేముందు ఆ అంకె పక్కనున్న చిన్న 2ని గుర్తుపట్టడం మంచిది. హోటల్లో కూర్చోగానే ‘ఓ ప్లాత్’ కావాలా ‘గాజోజ్’ కావాలా అని అడుగుతారు. ప్లాత్ అంటే చదును నీళ్లు, అంటే బుడగలు లేనివి. రెండూ సీసా నీళ్లే, రెండిటికీ బిల్లు వస్తుంది. ‘కారాఫ్ దో’ అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా తెస్తారు. ఫ్రాన్స్‌కి కూడా ముద్దుపేరు ఆకారం నుంచే వచ్చింది. మ్యాప్‌లో ఆరు వైపులుగా కనిపిస్తుందని ‘లెగ్జాగోన్’, షడ్భుజి అంటారు. వార్తల్లో ఆ మాట వింటే జామెట్రీ క్లాసు అనుకోకండి.

ప్రాక్టీసుకి యాప్ కంటే వంటిల్లు మేలు. టమాటా పట్టుకుని లీస్ అనండి. కాకరకాయ ర్యుగో. పనసకాయ మీద చెయ్యి వేస్తే ‘సా పీక్’, గుచ్చుకుంటోంది. ఈ సా పీక్ భలే మాట. ఇంజెక్షన్ సూదికి, గెడ్డం గీసుకోని చెంపకి, సోడా బుడగలకి, మిరపకాయకి కూడా అదే వాడతారు. మనకి కారం మండుతుంది, వాళ్లకి గుచ్చుకుంటుంది. ఆవకాయ రుచి చూపించేముందు ‘సా పీక్’ అని హెచ్చరించడం మర్యాద.

చీరల షాపుల్లో మనం ఎప్పట్నుంచో ఫ్రెంచ్ మాట్లాడుతూనే ఉన్నాం. క్రేప్ పేరు ఆ గుడ్డ మీది సన్న ముడతల నుంచి వచ్చింది, క్రేప్ అట్టు పేరూ అదే మాట. జార్జెట్ ఒక ఫ్రెంచ్ దర్జీ పేరు. షిఫాన్ దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. అమ్మ షిఫాన్ చీర ఫొటో ఫ్రెంచ్ స్నేహితురాలికి చూపిస్తే ‘మూస్లీన్’ అని చెప్పండి. వాళ్ల భాషలో షిఫోఁ అంటే బల్ల తుడిచే పాత గుడ్డ.