ఇంటిలోని నారుకు ఎట్టి దీపము కావలెను?

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో వానకు కరవు గాని ఎండకు కరవు లేదు. అయినను ఇంటిలో మిరపనారో, టమాటనారో పోసికొన్న గృహస్థులలో పలువురకు ఒక అనుభవము కలదు. విత్తనము చక్కగా మొలకెత్తును. నాలుగైదు దినములలో మొలక దారమువలె సాగి, పాలిపోయి, కిటికీవైపునకు వంగి, ఒకనాటి ఉదయమున నేలవ్రాలును. నీరు చాలలేదని తలచి మరికొంత పోయుదురు. దానితో మొదలు కుళ్ళి, మిగిలినవియు పోవును. సంకరజాతి విత్తనములు వెలపెట్టి కొన్నవారికి ఇది చిన్న నష్టము కాదు. ఇట్లు సాగి పడిపోయిన నారులో తరచుగా లోపము విత్తనమున గాక వెలుగున ఉండును.

ఈ విషయమున మన కన్ను నమ్మదగిన సాక్షి కాదు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్సులుండును. రాత్రివేళ దీపము క్రింద పుస్తకము చదువుకొనుటకు 300 నుండి 500 లక్సులు చాలును. అనగా ఎండలో రెండువందలవ వంతు వెలుగు ఉన్నను మనము గది దేదీప్యమానముగా ఉన్నదనుకొందుము. కంటిపాప విప్పారి ఆ కొరతను కప్పిపుచ్చును. మొక్కకు అట్టి సౌకర్యము లేదు. మనకు వెలుగు చూపునిచ్చును. మొక్కకు వెలుగు ఆహారము నిచ్చును. ఆహారము చాలని మొలక దానిని వెదకుకొనుచు పొడవు సాగును.

మొలక వెలుగువైపు వంగుటను చార్లెస్ డార్విన్ తన కుమారుడు ఫ్రాన్సిస్‌తో కలిసి పరిశీలించి, 1880లో ప్రకటించెను. గడ్డిజాతి మొలక కొనకు చిన్న తొడుగు వేసి వెలుగు తగులకుండ చేసినచో అది వంగుట మానెను. వెలుగును గుర్తించునది కొనయే అని దానివలన తేలినది. కొనయందు పుట్టు ఆక్సిన్ అను పదార్థము నీడవైపున ఎక్కువగా చేరి ఆ వైపు కాండమును సాగదీయుననియు, అందుచే మొలక వెలుగువైపు ఒరుగుననియు తరువాతి శాస్త్రజ్ఞులు తెలిపిరి. కావున వంగిన మొలక మనకొక విన్నపము చేయుచున్నదని గ్రహింపవలెను.

దీపము కొనుటకు ముందు ఇంటిని ఒకమారు పరికించి చూడవలెను. చలిదేశముల తోటపని గ్రంథములు దక్షిణపు కిటికీయే శ్రేష్ఠమని చెప్పును. అచ్చట శీతకాలపు సూర్యుడు తక్కువ ఎత్తున, కొద్దిగంటలే ఉండును. అందుచే వారికి విద్యుద్దీపములు అవసరమైనవి. మన హిందూపురము భూమధ్యరేఖకు ఉత్తరమున 14 డిగ్రీలకు కొంచెము లోపుగా ఉన్నది. ఇచ్చట డిసెంబరులో సైతము పగలు 11 గంటలకు పైగా ఉండును. ఏప్రిల్ చివరినుండి ఆగస్టు నడుమవరకు మధ్యాహ్నసూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరమునకు ఒరుగును. ఆ నెలలలో దక్షిణపు కిటికీలోనికి ఎండ రాదు. మనకు ఏడాది పొడవున మేలైనది తూర్పు వసారా. ఉదయపుటెండ నాలుగైదు గంటలు తగులు తావు ఉన్నచో దీపముతో పనిలేదు. వేసవిలో పైన పలుచని నీడవల కట్టిన చాలును.

అయితే అందరి ఇండ్లు అట్లుండవు. పెనుకొండలో కొండ మరుగున ఉన్న ఇండ్లు, ధర్మవరములో గోడకు గోడ ఆనుకొనియున్న మగ్గపుటిండ్లు, మేడ పైభాగము తమది కాని అద్దె గదులు కలవు. దీపము కావలసినది అట్టివారికే.

ఎట్టి దీపము? పాతకాలపు తీగె బల్బు పనికిరాదు. అది పుచ్చుకొను విద్యుత్తులో అధికభాగము వేడియగును. దగ్గర నుంచిన ఆకు మాడును, దూరముంచిన వెలుగు చాలదు. అంగడిలో ఊదారంగు దీపములను మొక్కలకు ప్రత్యేకమని హెచ్చు ధరకు అమ్ముచున్నారు. మొక్క ఎరుపు, నీలము కిరణములను విశేషముగా వాడుకొనుట నిజమే. కాని మంచి తెల్లని దీపములో ఆ రెండును కలవు. పట్టుపోగుల రంగు సరిచూచుకొనుటకు పగటివెలుగు ఎట్లు అనుకూలమో, ఆకు పసుపుబారినదా, మచ్చపడినదా అని కనిపెట్టుటకు తెల్లని వెలుగు అట్లే అనుకూలము. ఊదావెలుగులో అది తెలియదు. కావున ‘కూల్ డే లైట్’ అనియు, 6500 కెల్విన్ అనియు వ్రాసియున్న సాధారణపు నాలుగడుగుల ఎల్.ఇ.డి. ట్యూబు కొనుడు. వాట్లకన్న ల్యూమెన్ల సంఖ్యను చూడుడు. 20 వాట్ల ట్యూబు సుమారు 2,000 ల్యూమెన్లు ఇచ్చును. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల బల్లకు మూడు ట్యూబులు కావలెను.

దీపముకంటె ముఖ్యమైనది దూరము. చిన్న బల్బునుండి దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవ వంతగును. పొడవైన ట్యూబున అంత త్వరగా తగ్గకున్నను, తగ్గుట తప్పదు. ఇంటి కప్పునకు బిగించిన దీపము నారుకు దాదాపు లేనట్లే. ట్యూబులను ఆకులకు జానెడు ఎత్తున త్రాటితో వ్రేలాడదీసి, మొక్క పెరిగినకొలది పైకి జరుపవలెను. చుట్టును తెల్లని కాగితము నిలిపినచో చెదరిపోవు వెలుగు తిరిగి వచ్చును. తడిచేతితో స్విచ్చు ముట్టరాదు. నీరు పోయునపుడు దీపమార్పవలెను.

మిరప, టమాట విత్తనములు మొలచుటకు వెచ్చదనము, తేమ చాలును. మొలక తల చూపిననాటినుండి దినమునకు 14 మొదలు 16 గంటలు వెలుగుంచి, రాత్రి చీకటి ఈయవలెను. హిందూపురము ప్రాంతపు పట్టు రైతులకు ఇది క్రొత్త కాదు. చాకీ పురుగును తొలి రెండు జ్వరములు దాటువరకు ఎంత జాగ్రత్తగా చూచిన తరువాత గూడు అంత బాగుండును.

ఖర్చు లెక్క సులభము. మూడు ట్యూబులు 60 వాట్లు. 16 గంటలకు ఒక యూనిట్‌కు కొంచెము తక్కువ. 30 దినములకు సుమారు 29 యూనిట్లు. టమాటనారు 25, 30 దినములలోను, మిరపనారు 35, 40 దినములలోను నాటుటకు సిద్ధమగును. పది మొక్కలకై ఇంత వెచ్చించుట యుక్తమా అని ఎవరికి వారు తూచుకొనవలెను. పొలమునకు కావలసిన నారు నర్సరీలో కొనుటయే లాభము.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. సరిహద్దు దాటిన చిక్కబళ్ళాపురము వైపున చామంతి తోటలలో రాత్రులందు బల్బుల వరుసలు వెలుగుట చాలమంది చూచియుందురు. అంత చిన్న బల్బు తోటకే చాలినపుడు నారుకు చాలదా అని తోచును. ఆ దీపము మొక్కకు ఆహారము కాదు, సంకేతము. చామంతి రాత్రి దీర్ఘమైనపుడు పూయు జాతి. దీపము ఆ రాత్రిని తగ్గించి పూతను వెనుకకు నెట్టును. పగటి ఎండ దానికి ఆహారమిచ్చుచునే యుండును. ఎండ చూడని నారుకు దీపమే ఎండ కావలెను.

తుదకు ఒక హెచ్చరిక. దీపము క్రింద పెరిగిన నారును ఒక్కమారుగా ఎండలో నాటరాదు. మొదట నీడలో, పిదప ఉదయపుటెండలో, వారము దినములు కొంచెము కొంచెముగా అలవాటు చేయవలెను. అట్లు చేసిన మొక్క పొట్టిగా, కాండము గట్టిగా, ఆకు ముదురుపచ్చగా నిలిచి మన సీమ ఎండకు తాళును.