వారానికి పదిహేను గంటల అమ్మమ్మలు

ఇంట్లో ఎవరైనా రిటైరైతే మనం చెప్పే మాట ఒకటే: "ఇన్నాళ్ళు కష్టపడ్డారు, ఇక హాయిగా రెస్ట్ తీసుకోండి." ప్రేమతోనే అంటాం. కానీ చాలామందికి ఆ రెస్ట్ అంటే ఒక కుర్చీ, ఒక టీవీ, సాయంత్రం "మందులు వేసుకున్నారా?" అని వచ్చే ఒక ఫోన్ కాల్, అంతే.

అమెరికాలో లిండా ఫ్రీడ్ అనే వృద్ధుల వైద్య నిపుణురాలు తన పేషెంట్లలో ఇదే గమనించారు. చాలామందికి జబ్బుతో పాటు ఇంకో బాధ ఉంది: పొద్దున్నే లేవడానికి ఒక కారణం లేదు. దానికి మందుల షాపులో ఏమీ దొరకదు. అలా 1990ల మధ్యలో ఆమె, మార్క్ ఫ్రీడ్‌మన్ అనే సామాజిక కార్యకర్త కలిసి మొదలుపెట్టించినదే ఎక్స్‌పీరియన్స్ కోర్. పెద్దవాళ్ళు ప్రభుత్వ ఎలిమెంటరీ స్కూళ్ళకి వెళ్ళి చిన్నపిల్లలకి చదవడం నేర్పుతారు. దీని మీద ఎక్కువ పరిశోధన జరిగిన ఊరు బాల్టిమోర్.

వినడానికి సింపుల్‌గా ఉంది కదా? డిజైన్ మాత్రం చాలా ఆలోచించి చేసింది.

మొదటిది, సమయం. నెలకోసారి వచ్చి చాక్లెట్లు పంచి ఫోటో దిగి వెళ్ళడం కాదు. వారానికి దాదాపు 15 గంటలు, స్కూల్ ఏడాది మొత్తం. రెండోది, టీమ్. ఒక్కో స్కూల్‌కి ఒక్కరిని కాకుండా పదిహేను, ఇరవై మందిని పంపేవారు. ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు ఉంటారు. అంతకన్నా ముఖ్యంగా, వాళ్ళకి కొత్త స్నేహితులు దొరుకుతారు. మూడోది, ట్రైనింగ్. వయసుతో ఓపిక వస్తుందేమో గానీ, చదవడం నేర్పే పద్ధతి దానంతట అది రాదు. నాలుగోది, చిన్న మొత్తంలో భత్యం. అది జీతం కాదు. బస్ ఛార్జీలు, మధ్యాహ్నం భోజనం ఖర్చు చేతి నుంచి పడకపోతేనే పేదవాళ్ళు కూడా రాగలరు. బాల్టిమోర్‌లో వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి మహిళలు, అది కూడా తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళే.

పిల్లల వైపు నుంచి చూస్తే లెక్క ఇంకా స్పష్టం. క్లాస్‌లో 30 మంది, పీరియడ్ 45 నిమిషాలు అనుకోండి. టీచర్ ప్రతి ఒక్కరితో పైకి చదివించి వినాలంటే తలా నిమిషంన్నర. చదవడం అనేది పక్కన ఒకరు కూర్చుని వింటుంటే వస్తుంది. పిల్లాడు ఒక పదం దగ్గర ఆగుతాడు. అమ్మమ్మ వెంటనే చెప్పేయదు, కాస్త ఆగుతుంది, తర్వాత ఆ పదాన్ని శబ్దాలుగా విడగొట్టి పలికిస్తుంది. నాలాగా ఇంగ్లీష్ మీడియంలో చదివి, తెలుగు పేపర్‌లో వత్తుల దగ్గర బ్రేక్ వేసేవాళ్ళకి ఆ ఆగడం విలువ బాగా తెలుసు.

మూడో క్లాస్ లోపు పిల్లలనే ఎందుకు ఎంచుకున్నారు? అప్పటిదాకా చదవడం నేర్చుకుంటారు, ఆ తర్వాత చదివి నేర్చుకోవాలి. అక్కడ వెనకబడితే సైన్స్, సోషల్, లెక్కల్లో వర్డ్ ప్రాబ్లమ్స్, అన్నీ వెనకబడతాయి.

మరి ఇది నిజంగా పనిచేస్తుందా? మన భాషలో చెప్పాలంటే ఏ/బీ టెస్ట్ చేశారు. ఎందుకంటే వాలంటీర్లు ఆరోగ్యంగా ఉన్నారని చూపించినంత మాత్రాన ఏమీ తేలదు. ముందే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే వాలంటీర్లుగా వస్తారు కదా! అందుకే బాల్టిమోర్‌లో 60 దాటిన 702 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపునే ఈ పనికి పంపారు. వాళ్ళలో 111 మంది మెదడుని రెండేళ్ళ పాటు స్కాన్ చేసి చూశారు. వయసుతో పాటు కుంచించుకుపోయే హిప్పోక్యాంపస్, అంటే జ్ఞాపకాలకి కీలకమైన భాగం, స్కూళ్ళకి వెళ్ళిన మగవాళ్ళలో కాస్త పెరిగినట్టు కనిపించింది. ఆడవాళ్ళలో అంత స్పష్టమైన తేడా రాలేదు. అంటే ఇది అందరికీ ఒకేలా పనిచేసే మ్యాజిక్ కాదు.

పిల్లల మీద వేరే స్టడీ జరిగింది. బోస్టన్, న్యూయార్క్, పోర్ట్ ఆర్థర్‌లలో 23 స్కూళ్ళు. అక్కడ కూడా లాటరీయే. పెద్దవాళ్ళ దగ్గర చదువుకున్న పిల్లలు, కొత్త పదాలు పలకడంలో, చదివింది అర్థం చేసుకోవడంలో మిగతావాళ్ళ కన్నా 60 శాతం పైగా ఎక్కువ ప్రోగ్రెస్ చూపించారు.

ఇక మన దగ్గరికి వద్దాం. 2024 అసర్ సర్వే ప్రకారం, గ్రామీణ భారతంలో ప్రభుత్వ స్కూళ్ళ మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 23.4 శాతమే. ఇంకోవైపు ప్రతి వీధిలో రిటైరైన టీచర్లు, క్లర్కులు, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. తెలుగు చదివించడానికి వాళ్ళకి ఇంగ్లీష్ రానక్కర్లేదు, కోడింగ్ అసలే అక్కర్లేదు. స్కూళ్ళనీ వాలంటీర్లనీ కలపడానికి కేంద్ర ప్రభుత్వ విద్యాంజలి పోర్టల్ కూడా ఉంది.

కానీ పోర్టల్ ఉంటే చాలదు. బాల్టిమోర్ నేర్పే పాఠం అదే. మంచి మనసుకి టైమ్‌టేబుల్, ట్రైనింగ్, తోడు, బస్ ఛార్జీ, ఎవరు ఏ రోజు వస్తారో చూసుకునే ఒక మనిషి కావాలి. ఇవి లేకపోతే మొదటి నెల ఉత్సాహం రెండో నెలకి ఉండదు. ఆ చూసుకునే పని, రిజిస్ట్రేషన్ చేయించడం, షెడ్యూల్ పెట్టడం, మన వయసువాళ్ళు చేయగలిగిందే. చదివించే ఓపిక ఎలాగూ వాళ్ళ దగ్గర ఉంది.

ఈసారి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు తాతయ్యని "రెస్ట్ తీసుకోండి" అనే ముందు ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "పక్క వీధి స్కూల్‌లో రెండో క్లాస్ పిల్లలు చదువుతుంటే కూర్చుని వింటారా?"